సూరత్ స్టేషన్‌కు వచ్చిన రెండో దారి

సూరత్ చరిత్ర చెప్పేవారు రేవుతో మొదలుపెట్టి, 1664 నాటి శివాజీ దాడి మీదుగా ఈస్టిండియా కంపెనీ కోఠీ దగ్గర ఆగుతారు. రాజకీయాలు ఎరిగినవారైతే 1907 డిసెంబరులో కాంగ్రెస్ చీలిన సభను కూడా తలుస్తారు. రైల్వే స్టేషన్ ఊసు అరుదుగా వస్తుంది. నేటి సూరత్‌ను తీర్చిదిద్దడంలో రేవుకన్నా దాని పాత్రే పెద్దది.

బొంబాయి, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే తన తొలి పట్టాలను బొంబాయిలో వేయలేదు. 1860 ఫిబ్రవరిలో అంకలేశ్వర్ నుంచి తపతి ఉత్తరపుటొడ్డున ఉన్న ఉత్రాణ్ దాకా మొదటి మార్గం తెరిచింది. బొంబాయిని చేరడానికి 1864 దాకా పట్టింది. స్టేషన్ పాత నగరానికి తూర్పున, ప్రాకారాలకు వెలుపల వెలిసింది. అంతవరకు నదివైపు, కోటవైపు చూస్తూ ఉన్న ఊరు క్రమంగా అటు తిరిగింది. గోడలు పోయినా ఢిల్లీ దర్వాజా, లాల్ దర్వాజా, సహారా దర్వాజా అన్న పేర్లు ఆ చుట్టుపక్కల ఇంకా నిలిచే ఉన్నాయి.

1951 నవంబరు 5న ఈ మార్గం పశ్చిమ రైల్వేలో కలిసింది. ఆ ఏటి జనగణనలో సూరత్ జనాభా సుమారు 2 లక్షల 23 వేలు. యుద్ధకాలంలో ఆగిన ఫ్లయింగ్ రాణి 1950 నవంబరులో మళ్లీ పరుగు మొదలుపెట్టింది. ఆ బండి విలువ వేగంలో మాత్రమే లేదు. 1960 మే 1న గుజరాత్ ఏర్పడేదాకా సూరత్ బొంబాయి రాష్ట్రంలోని జిల్లా కేంద్రం. సచివాలయం, హైకోర్టు, పెట్టుబడి అన్నీ 263 కిలోమీటర్ల అవతల బొంబాయిలోనే ఉండేవి. 1953లో మద్రాసును వదులుకున్న ఆంధ్రులకు ఈ పరిస్థితిని వివరించనక్కరలేదు. తేడా ఒకటే: రాష్ట్రం విడిపోయినా సూరత్ వ్యాపారం బొంబాయి బండి దిగలేదు.

అయితే చరిత్రకారులు తక్కువగా పట్టించుకున్నది రెండో దారిని. సూరత్‌కు కాస్త దక్షిణాన, ఉధ్నా దగ్గర తూర్పుకు చీలే తాపీ వ్యాలీ రైల్వే అది. బొంబాయికి చెందిన కిల్లిక్ నిక్సన్ సంస్థ నిర్వహణలో, ప్రధానంగా ఖాందేశ్ పత్తి కోసం, 1900 ప్రాంతంలో పూర్తయింది. పత్తి కోసం వేసిన దారిలో తరువాత మనుషులు వచ్చారు. 1929లో కాజీపేట-బల్లార్షా మార్గం పూర్తికావడంతో వరంగల్ నుంచి వార్ధా, భుసావల్, జల్గావ్ మీదుగా సూరత్ దాకా పట్టాలు కలిశాయి.

తెలంగాణ చేనేతకు అది గడ్డుకాలం. మిల్లు గుడ్డ పోటీ ఒకవైపు, నూలు కొరత మరోవైపు, నిజాం పాలనలో వెట్టి ఇంకోవైపు. కరీంనగర్, వరంగల్, నల్గొండ పద్మశాలీలు అంతకుముందే షోలాపూర్, బొంబాయి, భివండి దారి పట్టారు. సూరత్‌లో జరీ, పట్టు మగ్గాల స్థానంలో కృత్రిమ పట్టు నేసే మరమగ్గాలు పెరుగుతున్న కొద్దీ ఇక్కడా చేతులు కావలసివచ్చాయి. శతాబ్ది మధ్యలో సన్నగా మొదలైన ఈ వలస తరువాతి దశాబ్దాల్లో వెల్లువైంది. ఉధ్నాలో 1950లలో సహకార పారిశ్రామికవాడ, ఆ తరువాత బరోడా రేయాన్ కర్మాగారం వచ్చాయి. కార్మికులకు ఇళ్లు మాత్రం ఎవరూ కట్టించలేదు. పట్టాల పక్కన లింబాయత్, ఉధ్నా బస్తీలు వాటంతటవే పెరిగాయి. నగరపాలక సంస్థ 1966లో ఏర్పడింది. దాని బడుల్లో ఇప్పుడు గుజరాతీ, మరాఠీ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఆ గుర్తింపు దానంగా వచ్చింది కాదు, మగ్గం ముందు నిలబడి సంపాదించుకున్నది.

ఇప్పుడు సూరత్ స్టేషన్‌ను బహుళ రవాణా కేంద్రంగా పునర్నిర్మిస్తున్నారు. పనుల కోసం కొన్ని బండ్లను ఉధ్నాకు మళ్లించారు. అహ్మదాబాద్-చెన్నై నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఇప్పటికీ ఆ రెండో దారినే పట్టి, జల్గావ్, వార్ధా దాటి వరంగల్ చేరుతుంది.