వేసవి చివర అనంతగిరి గుట్టల్లో జింకల జాడ

నీరు, నీడ, మేత, గాలివాటం, నేలమీది గుర్తుల ఆధారంగా గుట్టల ప్రాంతంలో జింకలు ఏ వేళకు ఎక్కడుంటాయో తెలుసుకోవడాన్ని జాడ పట్టడం అంటారు. ఒకప్పుడు వేటగాళ్ల సొత్తుగా ఉన్న ఈ విద్య ఇప్పుడు అటవీ సిబ్బందికి, జీవశాస్త్రజ్ఞులకు పనికివస్తోంది. శీతల దేశాలలో వేట కాలపు చివరి రోజులు మంచు కురిసే రోజులు కాబట్టి, అక్కడి వేట పుస్తకాలు ఎండ తగిలే దక్షిణపు వాలును చూడమంటాయి. దక్కనులో పాత షికారు కాలం చలితో మొదలై తొలకరికి ముందు ముగిసేది. దాని చివరి రోజులంటే ఆకు రాలి, వాగులు ఎండి, నేల కాగిపోయే రోజులు. అందువల్ల వికారాబాద్ పరిసరాలలో జింకను వెతికేవారు వెచ్చదనాన్ని కాక చల్లదనాన్ని, అంతకన్నా ముందుగా నీటిని వెతకాలి.

ఈ నీటి గుట్టు అనంతగిరి రాళ్లలో ఉంది. ఇక్కడి గుట్టల పైభాగాన లాటరైట్ అనే రంధ్రాలున్న ఎర్రరాయి, దాని కింద పూర్వకాలపు లావా గడ్డకట్టి ఏర్పడిన దక్కన్ ట్రాప్ నల్లరాయి ఉన్నాయి. లాటరైట్ వాననీటిని తాగి నిలుపుకుంటుంది. ఆ నీరు కిందికి దిగి, గట్టి పొర తగలగానే పక్కకు మళ్లి, గుట్ట అంచు కింద ఊటగా బయటపడుతుంది. మూసీ నది పుట్టింది ఈ గుట్టల్లోనే. వాగు పైకి ఎండిపోయిన తరువాత కూడా ఇసుకలో చెలమ తీస్తే నీరు ఊరే చోట్లు, గుట్ట అంచు కింది లొద్దుల్లో తడి ఆరని మూలలు ఉంటాయి గనుక, వేసవిలో పటం తెరిచిన పరిశీలకుడు మొదట గుర్తు పెట్టవలసినది శిఖరాలను కాదు, ఎర్రరాయి ముగిసి నల్లరాయి మొదలయ్యే గీతను.

నీటి అవసరం అన్ని జాతులకూ ఒకేలా ఉండదు. దుప్పి అని కూడా పిలిచే చుక్కల జింక ఎండాకాలంలో దాదాపు రోజూ నీరు తాగాలి, కాబట్టి అది నీటికి దూరంగా పోదు. మనుబోతు నీరు లేకుండా కొన్ని రోజులు గడపగలదు. తెలంగాణ ప్రభుత్వం 2014లో రాష్ట్ర జంతువుగా ప్రకటించిన జింక ఈ చుక్కల జింకే. దీనికీ, కణుజుకూ కొమ్ములు శాఖలుగా పెరిగి ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక, మనుబోతు, కొండగొర్రె శాస్త్రరీత్యా వేరే కుటుంబానికి చెందినవి. వాటి కొమ్ములు జీవితాంతం రాలవు. అడవిలో రాలిన కొమ్ము దొరికితే అక్కడ తిరిగేది ఏ కుటుంబపు జంతువో అదొక్కటే చెబుతుంది.

నీడ విషయంలో ఈ ప్రాంతపు అక్షాంశాన్ని గమనించక తప్పదు. వికారాబాద్, తాండూరు పట్టణాలు సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉండటం వల్ల మే రెండో వారంలో సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు ఉత్తరపు వాలుకూ దక్షిణపు వాలుకూ ఎండలో తేడా పెద్దగా ఉండదు. తేడా అంతా తూర్పు పడమరల మధ్యే. పడమటి వాలు సాయంత్రం దాకా కాగుతుంటే తూర్పు వాలుకు ముందుగా నీడ పడుతుంది, కనుక మధ్యాహ్నం దాటాక నెమరువేస్తూ పడుకున్న మందలు తూర్పు లొద్దుల్లో, గుబురు మిగిలిన చెట్ల కింద కనబడే అవకాశం ఎక్కువ. గాలివాటమూ వేళను బట్టి మారుతుంది. పొద్దెక్కి నేల వేడెక్కినప్పుడు గాలి వాలు వెంట పైకి పోతుంది, రాత్రి చల్లబడి బరువెక్కి లొద్దిలోకి దిగుతుంది. అందుచేత తెల్లవారుజామున జంతువుకు దిగువనా, ఎండెక్కాక ఎగువనా ఉన్న మనిషి వాసన దానికి అందదు. ఋతుపవనాలకు ముందు పడమటి గాలి బలంగా వీచే రోజుల్లో మాత్రం ఈ లెక్క తప్పుతుంది.

ఆకురాల్చు అడవిలో గడ్డి ఎండిపోయాక మేత పైనుంచి పడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలే ఇప్పపూలు, మోదుగ పూలు, ఆ తరువాత రాలిపడే పండ్లు జింకలను చెట్ల కిందికి రప్పిస్తాయి. కొండముచ్చులు మేసే చెట్టు కింద అవి వదిలేసిన ఆకులను ఏరుకుంటూ చుక్కల జింకలు తిరగడం భారతీయ అడవులలో బాగా తెలిసిన సంగతి. పైనున్న కొండముచ్చు చూపు, కిందున్న జింక ముక్కు ఒకదానికొకటి కాపలా కాస్తాయి.

జంతువు కనబడకపోయినా దాని గుర్తులు మిగులుతాయి. వేసవిలో గట్టిపడిన నేలపై గిట్టల అచ్చు నిలవదు గనుక చెలమ చుట్టూ ఉన్న బురద, వాగులోని మెత్తటి ఇసుక, బండ్లబాట దుమ్ము చూడాలి. రెండుగా చీలిన గిట్ట అచ్చు చుక్కల జింకది చిన్నదిగా, మొన తేలి ఉంటుంది; కణుజుది అంతకన్నా స్పష్టంగా పెద్దది. పెంటికల తీరు ఇంకా నమ్మదగినది: చుక్కల జింక మేస్తూ ఎక్కడపడితే అక్కడ వేస్తుంది, మనుబోతు, కృష్ణజింక, కొండగొర్రె ఒకే చోటికి మళ్లీ మళ్లీ వచ్చి కుప్పగా వేస్తాయి.

తాండూరు వైపు నేల తీరు మారిపోతుంది. గుట్టలు తగ్గి, నాపరాయి పొరలు పరుచుకున్న చదును నేలలు వస్తాయి. కాగ్నా నది ఈ నేలల నీటిని భీమా నదికి చేరుస్తుంది. భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పెరిగేది ఇక్కడే. నిలిచిన కంది చేను జంతువులకు మేతా, చాటూ కాగా, కోత ముగిశాక ఆ చాటు ఒక్కసారిగా పోతుంది. దక్షిణాన నారాయణపేట జిల్లాలో కృష్ణా తీరపు చేలపై కృష్ణజింకల మందలు పడి రైతులకు తెచ్చే నష్టం చిన్నది కాదు. జంతువును కాపాడాలనేవారు ఆ నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

హైదరాబాద్ సంస్థానంలో షికారు పాలకుల వినోదం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరుపొందిన వేటగాడు. నిజాముల వేట మైదానమైన వనస్థలిపురం అడవి నేడు కృష్ణజింకలను కాపాడే మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట లైసెన్సు వేటను ఉంచినా, నీటి గుంటలు, ఉప్పు నాకే చోట్లు, వాటికి వెళ్లే దారుల దగ్గర పొంచి వేటాడటాన్ని, రాత్రి వేటను, వాహనం మీది నుంచి కాల్చడాన్ని 17వ సెక్షన్‌లో నిషేధించింది. దప్పికతో ఒకే చోటికి చేరక తప్పని జంతువును అక్కడే చంపడం ఎంత సులువో ఆ చట్టం రాసినవారికి తెలుసు. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది. కృష్ణజింకను చంపితే నేడు మూడు నుంచి ఏడేళ్ల జైలు.

పూడూరు మండలంలోని దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాలను నౌకాదళపు రేడియో ప్రసార కేంద్రానికి కేటాయించగా, 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. ఇలాంటి మార్పుల వేళ జింకలు ఎన్ని, ఏ దారిన నీటికి వెళ్తాయి అన్నది నమోదై ఉండటం ఎంతో అవసరం. వేసవిలో నీటి తొట్టి దగ్గర కూర్చుని లెక్కించడం సులువే అయినా, ఒకే మంద పలుమార్లు రావడం వల్ల ఆ అంకె నిజం కన్నా పెరుగుతుంది. అందుకే ముందే గీసుకున్న తిన్నని దారిలో తెల్లవారాక నడుస్తూ, కనబడిన ప్రతి మందకూ దారి నుంచి ఉన్న దూరాన్ని రాసుకొని, ఆ దారి పక్కనే కొలిచిన చిన్న చిన్న గళ్లలో పెంటికలను కూడా లెక్కించే పద్ధతిని జాతీయ గణనలలో అనుసరిస్తున్నారు.