ఆయుధం లేని పోరు: ఆధారాల సమస్య

ఆయుధం లేకుండా ఎదుటివాణ్ణి పట్టి పడవేసే విద్యకు చరిత్ర రాయడం కష్టం. కోటలు శిథిలాలుగానైనా మిగులుతాయి. కత్తులు మ్యూజియంలో ఉంటాయి. పట్టు మాత్రం పట్టినవాడితోనే పోతుంది. ఇటువంటి విద్యను గురించి ఏయే ఆధారాలు దొరుకుతాయి, అవి ఎంతవరకు చెప్పగలవు అన్నది ఈ భాగంలో పరిశీలిద్దాం.

ముందుగా ఐరోపాను చూడండి. అక్కడ ఈ విద్య పుస్తకాలకెక్కింది. ఇటలీకి చెందిన ఫియోరె దెయ్ లిబెరి 1409 ప్రాంతంలో రచించిన యుద్ధవిద్యా గ్రంథంలో మొదట వచ్చేది కుస్తీ; కత్తి, ఈటె ఆ తరువాతే. సరదాకి పట్టే కుస్తీ వేరు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు పట్టేది వేరు అని ఆయన విడదీశాడు. రెండోదానిలో చెయ్యి విరచడం, ఆయువుపట్టున కొట్టడం కూడా విద్యలో భాగమే. 1539లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో ఫాబియన్ ఫాన్ ఔవర్స్‌వాల్డ్ రాసిన కుస్తీ గ్రంథం చెక్క అచ్చు బొమ్మలతో వెలువడింది. 1674లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన నికొలాస్ పెట్టర్ గ్రంథం, కత్తితో మీదికి వచ్చినవాణ్ణి వట్టి చేతులతో ఎదుర్కొనే తీరు కూడా చూపిస్తుంది.

అయితే పుస్తకాలు మిగిలాయి గాని గురుశిష్య పరంపర తెగిపోయింది. నేడు ఐరోపా, అమెరికాలలో ఔత్సాహికులు ఆ బొమ్మలను ముందు పెట్టుకుని విద్యను తిరిగి కూడగట్టుకుంటున్నారు. బొమ్మ ఒక్క క్షణాన్నే చూపుతుంది. కాలు ఎటునుంచి వచ్చింది, బరువు ఎప్పుడు మారింది అన్నది చూపదు. అందుకే ఒకే బొమ్మకు ఇద్దరు రెండు అర్థాలు చెబుతారు.

మన దేశంలో పరిస్థితి దాదాపు తలకిందులు. శాస్త్రం బొత్తిగా లేదనడానికి వీల్లేదు. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు (1126–1138) మానసోల్లాసంలో మల్లుల వర్గాలు, ఆహారం, అభ్యాసం గురించి వివరించాడు. కాని విద్య రాతకన్నా గురువు చేతిమీదుగానే ఎక్కువగా సాగింది. మన మాటలే ఇందుకు కొంత సాక్ష్యం. మల్లుడు, జెట్టి అన్న పాత మాటల పక్కన వస్తాదు, తాలింఖానా అన్న అరబీ, పారశీక మాటలు వచ్చి చేరాయి. పాలకులు మారినా బరి ఖాళీ కాలేదన్నమాట.

విజయనగర కాలానికి వస్తే ఇద్దరు పోర్చుగీసువారు ముఖ్యులు. 1520 ప్రాంతంలో వచ్చిన డొమింగో పేస్, కృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒళ్లంతా నూనె పట్టించుకుని, మట్టితో చేసిన బరువులెత్తి, కత్తిసాము చేసి, తన మల్లులలో ఒకడితో కుస్తీ పట్టేవాడని రాశాడు. ఆ తరువాతే గుర్రపుస్వారీ. 1535 ప్రాంతంలో రాసిన నూనిజ్ మాటలు చరిత్రకారుడికి ఇంకా విలువైనవని నా అభిప్రాయం. రాజు ఎదుట పోరాడే మల్లులు వెయ్యిమంది ఉన్నారనీ, వారి కుస్తీ మా దేశపు కుస్తీలా ఉండదనీ, ముళ్లున్న కడియాల వంటివి చేత పట్టుకుని కొట్టుకుంటారనీ అతడు చెప్పాడు. వెయ్యి అన్న సంఖ్యను అక్షరాలా నమ్మనక్కరలేదు. ‘మా దేశపు కుస్తీలా ఉండదు’ అన్న పోలికను మాత్రం గమనించండి. తన ఊరి కుస్తీ తెలిసినవాడే ఆ తేడాను పట్టగలడు. అతడు చూసింది వజ్రముష్టి వంటి పోరు అయివుండాలి. మైసూరు దసరాలో జెట్టీలు ఆడినది అదే.

జెట్టీల గురించి థర్‌స్టన్ 1909లో ప్రచురించిన గ్రంథంలో మరో వివరం ఉంది. తెలుగు జిల్లాలలో వీరు ఒళ్లు మర్దించి, తైలాలు రుద్ది నరాల నొప్పులు తగ్గించేవారట. ఇందులో ఆశ్చర్యం లేదు. ఏ కీలు ఎటు తిప్పితే తప్పుతుందో తెలిసినవాడికి అక్కడి నొప్పి సంగతీ తెలుస్తుంది.

ఇక మన ప్రాంతం. కోడి రామమూర్తి నాయుడుగారి వీరఘట్టం అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోనిదే. విజయనగరంలో వ్యాయామ విద్య నేర్పి, తరువాత సర్కస్ నడిపి ‘కలియుగ భీముడు’ అనిపించుకున్నారు. ఛాతీమీద ఏనుగును నిలబెట్టుకోవడం, ఇనుప గొలుసులు తెంచడం అందరికీ తెలుసు. కాని ఇవి బలప్రదర్శనలు, కుస్తీ పట్లు కావు. టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడు తనకు కనిపించినదే చెప్పుకున్నాడు, జనశ్రుతిలో అదే నిలిచింది. సర్కస్ జ్ఞాపకాలను కుస్తీ చరిత్రకు ఆధారంగా వాడేటప్పుడు ఈ జాగ్రత్త తప్పదు.

చోడవరం చుట్టుపక్కల మీ ఊరిలో కర్రసాము గాని కుస్తీ గాని నేర్చిన పెద్దవారుంటే వెళ్లి అడగండి. ఎన్ని పోటీలు గెలిచారన్న ప్రశ్న తరువాతిది. మొదట పట్ల పేర్లు, నేర్పిన వరుస రాసుకోండి. ఏ పట్టును గురువు చూపించి కూడా పోటీలో వద్దన్నాడో అడగండి.