చుట్ట, కాఫీ, రమ్ము: మన రాయకోట తిన్నె మీది కథ

మాది అరవ బడి చదువు. తెలుగు అక్షరాలు మా నాయిన దగ్గర, గోడ మీది క్యాలెండరు దగ్గర నేర్చుకుంటిమి. తప్పులుంటే పెద్ద మనసుతో దిద్దుకోండి. ఈసారి రాత కొంచెం పొడుగు. కాఫీ తాగుతా నిదానంగా చదవండి.

పోయిన నెల హోసూరులో చుట్టాల ఇంట్లో గృహప్రవేశం. భోజనాలయినాక మా మేనల్లుడు మమ్మల్ని మేడ మీదికి పిలుచుకొని పోయె. వాడు బెంగుళూరులో పెద్ద కంపెనీలో పని. ఒక పళ్లెంలో క్యూబా సిగారు, చిన్న గ్లాసులో నల్ల రమ్ము, కప్పులో పాలు లేని కాఫీ పెట్టి చూపించె. "మామా, ముందు కాఫీ గుక్క, తర్వాత పొగ, కడాన రమ్ము. ఒకదాని రుచిని ఒకటి పైకి తెస్తుంది. ఇది తెల్లోళ్ల విద్య, మనోళ్లకి తెలీదు" అనె. మేము నవ్వి ఊరుకుంటిమి. అయితే వాడు సిగారు ముట్టించినాక వచ్చిన వాసనకి మా నాయిన వచ్చి పక్కన కూర్చున్నట్లాయె. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడికి చెప్పాల్సిన జవాబు ఇక్కడ రాస్తా ఉన్నాము, మీరందరూ చదవాలని.

మొదట మాట సంగతి. ఇంగ్లీషులో 'చెరూట్' అనే మాట అరవంలోని 'సురుట్టు' నుండి పోయింది. సురుట్టు అన్నా, మన చుట్ట అన్నా అర్థం ఒకటే, చుట్టినది అని. పొగాకు మాత్రం మన మట్టిది కాదు. అమెరికా నుండి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. అక్బరు కొలువుకి 1600 దాటిన కొత్తలో బిజాపూరు నుండి పోయింది. అంటే దక్షిణాది వాళ్లు ఢిల్లీకి, ఆగ్రాకి ముందే దాని రుచి చూసినారు. సిగారుకి ఒక కొన మూసి ఉంటుంది, కొరికి గానీ కత్తిరించి గానీ ముట్టించాలి. చుట్టకి రెండు కొనలూ తెరిచే ఉంటాయి. అంతే తేడా. రెండిట్లోనూ కాగితం ఉండదు, ఆకులో ఆకు.

మన చుట్టకి పేరు తెచ్చింది రెండు ఊర్ల జత. ఆకు గోదావరి లంకలది. వరద నీళ్లు దిగిపోయినాక ఒండ్రు మట్టిలో పెరిగే పొగాకు, దాన్నే లంక పొగాకు అంటారు. చుట్టడం తిరుచి చేతులది, ముఖ్యంగా ఉరయ్యూరు వీధులది. దిండిగల్లు చుట్టుపక్కల కూడా పొగాకు పండుతుంది. మద్రాసు స్పెన్సర్ కంపెనీ అక్కడే సిగార్ల ఫ్యాక్టరీ నడిపింది. లంక ఆకు కాకినాడ రేవులో ఓడెక్కి రంగూను దాకా పోయి బర్మా చుట్ట అయ్యేది. 1887లో వచ్చిన మొదటి షెర్లాక్ హోమ్స్ నవలలో, హత్య జరిగిన ఇంట్లో దొరికిన బూడిద చూసి అది తిరుచి చుట్టదని ఆ డిటెక్టివ్ కనిపెడతాడు. లండన్‌లో చదివేవాళ్లకి తిరుచి పేరు అంత తెలిసినది అన్నమాట. మన గురజాడ వారి కన్యాశుల్కంలో గిరీశం దగ్గర చదువుకున్న వెంకటేశానికి వచ్చిన గొప్ప విద్య కూడా చుట్ట కాల్చడమే.

ఇంక కాఫీ. యెమెన్ నుండి బాబా బుడన్ అనే ఫకీరు ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటినాడని కథ. ఆ కొండలకి ఇప్పటికీ ఆయన పేరే. తెల్ల దొరలు 19వ శతాబ్దంలో కొడగు, మైసూరు, నీలగిరి, శేర్వరాయన్ కొండల్లో తోటలు పెంచిరి. అయినా మన ఊర్లో పేదోళ్ల ఇళ్లకి కాఫీ వచ్చింది చానా ఆలస్యంగా. పొద్దున లేస్తే రాగి అంబలి, చద్ది నీళ్లు, అంతే. మా అవ్వ కాఫీని 'కరి నీళ్లు' అని ఎగతాళి చేసేది. 1942లో కాఫీ బోర్డు ఏర్పడి బెంగుళూరులో కూర్చునె. 1957లో అదే బెంగుళూరులో కాఫీ హౌసు పనివాళ్లు సొంతంగా సహకార సంఘం పెట్టుకొనిరి. బెంగుళూరు గాలి తగిలే ఊరు కాబట్టి మనకి చికోరీ కలిపిన పొడి, ఇత్తడి ఫిల్టరు, డవరా టంబ్లరు అలవాటాయె.

మా నాయిన సాయంత్రం ఎడ్లకి నీళ్లు పెట్టినాక తిన్నె మీద కూర్చునే. అమ్మ బెల్లం కాఫీ తెచ్చిచ్చే. ఆయన మొదట రెండు గుక్కలు తాగి, అప్పుడు చుట్ట ముట్టించే. పొగ గొంతులోకి దించడు, నోట్లోనే తిప్పి వదిలేస్తాడు. నాలుగు పీల్పులకి ఒక గుక్క కాఫీ. "వట్టి చుట్ట నాలికని కాలుస్తాది, బెల్లం దాన్ని సముదాయిస్తాది" అనేవాడు. మా మేనల్లుడు చెప్పిన విద్య ఇదే కదా? పొగాకు కారం, చేదు. కాఫీది ఇంకో చేదు. రెండు చేదుల నడుమ చెరుకు తీపి పడితే నోరు మళ్లీ తేరుకుంటుంది. రమ్ము కూడా చెరుకుదే, బెల్లం మడ్డిని పులియబెట్టి కాచి తీసింది. మా తిన్నె మీద బెల్లం ఉన్నింది, రమ్ము లేదు. ఎందుకు లేదు అనేదే మన జిల్లా చరిత్ర.

సారా కంపు మన ఊరికి కొత్తేమీ కాదు. 1791లో మేజర్ గౌడీ పటాలం టిప్పు చేతిలోని రాయకోట దుర్గాన్ని పట్టుకొనె. 1792 శ్రీరంగపట్నం ఒప్పందంతో బారామహల్ కంపెనీది ఆయె. కెప్టెన్ రీడ్, ఆయన కింద మన్రో ఇక్కడే రైతుల పన్ను లెక్కలు కట్టిరి. 1799 మార్చిలో జనరల్ హారిస్ సైన్యం మన రాయకోట పక్క నుండే మైసూరు సీమలోకి దిగి పోయె. ఆ సైన్యంలో తెల్ల సిపాయికి రోజూ సారా కొలిచి ఇచ్చేవాళ్లు. జీతం ఆలస్యమైతే ఓర్చుకుంటాడు గానీ సారా తప్పితే ఓర్చుకోడు. తర్వాత కంపెనీ కల్లు సారాలకి గుత్త పెట్టి, దాన్ని పెద్ద రాబడి చేసుకొనె. దొర బంగళాలో భోజనం తర్వాత చుట్ట, సారాయి, కాఫీ మూడూ ఒకే బల్ల మీదికి వచ్చింది ఆ కాలంలోనే. మనోళ్లు ఆ బల్ల తుడిచేవాళ్లు.

ఇప్పుడు తొరపల్లి పిల్లోడి సంగతికి వస్తాము. హోసూరు పక్కన తొరపల్లిలో 1878లో పుట్టి, హోసూరు బడిలో చదివిన రాజగోపాలాచారి గారు 1937లో మద్రాసు రాజధానికి ప్రధాని ఆయె. అదే సంవత్సరం అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టె. అప్పుడు హోసూరు, కృష్ణగిరి, రాయకోట అన్నీ సేలం జిల్లాలోవే. కల్లు అంగళ్లు ఒక్క రోజులో మూత పడె. సర్కారుకి పోయిన రాబడి పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చిరి. మేము రైల్వే పార్సిల్ ఆఫీసులో ఎన్నో వేల బిల్లుల మీద ఆ పన్ను గీత చూసినాము. దాని మొదలు మన జిల్లా కల్లు అంగళ్ల మూతలో ఉందని రిటైరైనాక గానీ తెలీలేదు.

మా నాయినకి అప్పుడు తొమ్మిదేండ్లు. మా తాత కూలి డబ్బులు మొదటిసారి పూర్తిగా ఇంటికి తెచ్చిన వారం అదేనని మా అవ్వ చెప్పేది. ఆ డబ్బుతో ఆమె ఒక కంచు చెంబు కొనె. ఆ చెంబు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. దొంగసారా కాచేవాళ్లు లేరని కాదు, పోడూరు కొండల్లో పొయ్యిలు మండేవని కూడా ఆమే చెప్పె. అయినా చెంబు చెంబే కదా.

1948కి మద్రాసు రాష్ట్రమంతా నిషేధం పారె. 1971లో ఎత్తేసిరి. వద్దని చెప్పినవాళ్లలో ముసలి రాజాజీ కూడా ఒకరు. 1974 నాటికి మళ్లీ మూసిరి, 1981లో మళ్లీ తెరిచిరి. 1983లో టాస్మాక్ వచ్చె, 2003 నుండి అంగళ్లు కూడా దానివే. మూసి ఉన్న ఏండ్లలో మనోళ్లు హోసూరు దాటి అత్తిబెలెకి ఎందుకు పోయేవాళ్లో పెద్దలకి గుర్తే. మా ఇంట్లోకి రమ్ము వచ్చింది ఒకే దారిలో, మిలిటరీలో ఉన్న మా చిన్నాయిన ట్రంకు పెట్టెలో. 1954లో మోహన్ మీకిన్ వాళ్లు తెచ్చిన ఓల్డ్ మాంక్ సీసా అది. నాయిన ఒక మూత కొలత కాఫీలో పోసుకొని చూసి, "చుట్టకి సరిగ్గా కుదిరింది, అందుకే వద్దు" అని సీసా తిరిగి ఇచ్చేసె. అప్పుడు మాకు అర్థం కాలేదు. మా తాతని చూసినవాడు కాబట్టి అన్నాడని ఇప్పుడు తెలుస్తా ఉంది.

మేనల్లుడికి ఇంకొక మాట చెప్పాలి. ఈ మూడూ ఒకే పళ్లెంలోకి రావడం దొరల నాలిక గొప్పతనం ఒక్కటే కాదు. కరీబియన్ దీవుల్లో పొగాకు, చెరుకు, కాఫీ మూడూ పండేవి, బానిసల చేతులతో. బానిసత్వం రద్దయినాక ఆ పనికి మన వైపు మనుషుల్ని ఎక్కించుకొని పోయిరి. 1830ల నుండి మారిషస్ చెరుకు తోటలకి తెలుగువాళ్లు పోయిరి. 1860 అక్టోబరులో మద్రాసులో బయలుదేరిన ట్రూరో ఓడ నవంబరు 16న డర్బన్ చేరె. దాంట్లో అరవ వాళ్లతో పాటు తెలుగు వాళ్లూ ఉండిరి. సిలోను కాఫీ తోటల్లో కూడా కూలీలు దక్షిణాది వాళ్లే. కాబట్టి "మనోళ్లకి తెలీదు" అనే మాట సరి కాదప్పా. చెరుకు నరికింది, కాఫీ కోసింది, చుట్ట చుట్టింది మనోళ్లే. పళ్లెం ముందర కూర్చోలేదు, అంతే.

ఇంక రాయడానికి కష్టమైన సంగతి ఒకటుంది. రాయకుంటే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

1981లో మాకు రైల్వేలో ఉద్యోగం వచ్చె. తిరుచిలో పార్సిల్ గుమాస్తా. మొదటి జీతంలో నాయినకి పంచె, ఉరయ్యూరు చుట్టల డబ్బా ఒకటి కొనుక్కొని పోతిమి. ఆయన డబ్బా మూత తీసి వాసన చూసి, వీధిలో అందరికీ చూపించె. అప్పటి నుండి ప్రతి నెలా ఒక డబ్బా. పదేండ్లకి పైగా తప్పలేదు. ఒకసారి సెలవులకి పోయినప్పుడు ఆయన దవడ లోపల తెల్ల మచ్చ చూస్తిమి. "బెల్లం కాఫీ వేడికి కాలింది" అనె. నమ్మితిమి. నమ్మడం సులభం కాబట్టి నమ్మితిమి. తర్వాతి నెల కూడా డబ్బా తీసుకొని పోతిమి. బెంగుళూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ నోరు తెరిచి చూసి, "ఎన్నేండ్లుగా?" అని మాత్రమే అడిగె. 1996లో నాయిన పోయె. కడపటి రెండు నెలలు కాఫీ కూడా స్పూనుతోనే.

ఉత్తరాంధ్రలో ఆడవాళ్లు నిప్పు కొనని నోట్లో పెట్టుకొని కాల్చే అడ్డపొగ గురించి మీలో కొందరు వినుంటారు. 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. అడ్డపొగ తాగేవాళ్లకి అంగిట్లో పుండ్లు ఎట్ల వస్తాయో దాంట్లో రాసినారు. అంటే మేము మొదటి డబ్బా కొనడానికి పదేండ్ల ముందే లోకానికి తెలుసు. పొగ గొంతులోకి దించడం లేదు కదా అని మా ఇంట్లో ధైర్యంగా ఉండిరి. నోటికి ఆ లెక్క లేదు. సిగారుకైనా, చుట్టకైనా ఇదే మాట.

మేనల్లుడికి మేము ఫోను చేసి ఇదంతా చెప్తిమి. వాడు కొంచెం సేపు మాట్లాడలేదు. తర్వాత "తాత కాఫీలో బెల్లం ఎంత వేసేవాళ్లు మామా?" అని అడిగె. చెప్తిమి: టంబ్లరుకి నిమ్మకాయంత పాత బెల్లం, డికాక్షను చిక్కగా, పాలు తక్కువ, బెల్లం చివర్లో వేయాలి, లేకుంటే పాలు విరుగుతాయి.

సంఘం వాళ్లకి ఒక మనవి. మీ ఇంట్లో పాత చుట్టల డబ్బాలు, ఇత్తడి ఫిల్టర్లు ఉంటే ఫొటో తీసి పంపండి. 1937 నాటి మాటలు మీ అవ్వ చెప్పింటే రాసి పంపండి, అరవంలో రాసినా సరే, మేము తెలుగులోకి తిప్పుకుంటాము. అన్నీ ఒక పుస్తకంగా కుట్టి సంఘం గదిలో పెడదాము. ఇంకొక మాట. ఇంట్లో చుట్టో బీడీయో కాల్చే పెద్దలుంటే, ఈ ఆదివారం వాళ్లని వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరిపించి చూడండి. తెల్ల మచ్చ కనిపిస్తే కాఫీ వేడి అని నమ్మొద్దండి.