వాడేసిన అణు ఇంధనం: పొడి నిల్వ

రియాక్టర్‌లో వాడేసిన అణు ఇంధనాన్ని కొన్నేళ్లు నీటిలో చల్లార్చాక, హీలియం నింపిన లోహపు పాత్రల్లో మూసి గాలితోనే చల్లబడేలా భద్రపరిచే పద్ధతి పొడి నిల్వ. దీనికి వాడే భారీ పాత్రలను కాస్క్‌లంటారు. చల్లబరచడానికి పంపులూ విద్యుత్తూ అక్కర్లేకపోవడం ఈ పద్ధతికి ప్రధాన బలం. అమెరికాలో దీనికి తొలి లైసెన్సు 1986లో వర్జీనియాలోని సర్రీ అణు విద్యుత్ కేంద్రానికి దక్కింది. తాత్కాలిక ఏర్పాటుగా మొదలైన ఈ నిల్వ, శాశ్వత భూగర్భ భాండాగారం సిద్ధం కాకపోవడంతో దశాబ్దాల పాటు కొనసాగుతోంది.

నేపథ్యం

రియాక్టర్ నుంచి బయటికి తీసిన ఇంధనంలో గొలుసు చర్య ఆగిపోయినా, రేడియోధార్మిక క్షయం వల్ల వేడి పుడుతూనే ఉంటుంది. అందుకే ముందుగా దాన్ని లోతైన నీటి కొలనులో ఉంచుతారు. నీరు వేడిని లాగేయడమే కాక రేడియేషన్‌నూ అడ్డుకుంటుంది. ఈ కొలనులను కట్టేనాటికి, మళ్లీ వాడదగిన పదార్థాలను వేరుచేయడానికి ఇంధనం కొద్దికాలంలోనే రీప్రాసెసింగ్‌కు వెళ్లిపోతుందని అమెరికా భావించింది. కానీ 1977లో కార్టర్ ప్రభుత్వం వాణిజ్య రీప్రాసెసింగ్‌ను నిరవధికంగా వాయిదా వేసింది. ఆ తర్వాత 1982 నాటి అణు వ్యర్థాల చట్టం కింద, 1998 జనవరి 31 నుంచి ప్రభుత్వమే ఇంధనాన్ని స్వీకరించాల్సి ఉంది. 1987లో శాశ్వత భాండాగారానికి నెవాడాలోని యుక్కా పర్వతాన్ని ఎంచుకున్నా, ఒబామా హయాంలో ఆ పని నిలిచిపోయింది. కొలనులు నిండడంతో విద్యుత్ కంపెనీలు కాస్క్‌ల వైపు మళ్లాయి. మాట తప్పినందుకు ప్రభుత్వం వాటికి చెల్లించిన పరిహారం 1,000 కోట్ల డాలర్లు దాటింది.

నిర్మాణం, పనితీరు

అమెరికాలో ఎక్కువగా కనిపించే రకంలో రెండు పొరలుంటాయి. లోపల స్టెయిన్‌లెస్ స్టీలు కానిస్టర్, దాని చుట్టూ మందపాటి కాంక్రీటు కవచం. కొలను అడుగున నీటిలోనే ఇంధన కట్టలను కానిస్టర్‌లోకి దించి, పైకి తీశాక మూత వెల్డింగ్ చేస్తారు. నీటిని తోడేసి, తడి లేకుండా ఆరబెట్టి, హీలియం నింపుతారు. ఈ జడవాయువు ఇంధన గొట్టాలను తుప్పు నుంచి కాపాడుతుంది, వేడిని కానిస్టర్ గోడకు చేరుస్తుంది. కవచం అడుగున ఉన్న రంధ్రాల గుండా గాలి లోపలికొచ్చి, వేడెక్కి పైనుంచి బయటికి పోతుంది. మళ్లీ గొలుసు చర్య మొదలవకుండా కట్టల మధ్య బోరాన్ కలిసిన పలకలు అమర్చుతారు. జర్మనీలో వాడే కాస్టర్ రకంలో మందమైన లోహపు పాత్రే కవచం కూడా. దాని మూతలను బోల్టులతో బిగిస్తారు.

భద్రత

2011లో ఈ పద్ధతికి రెండు పరీక్షలు ఎదురయ్యాయి. మార్చిలో ఫుకుషిమా దాయిచీ కేంద్రాన్ని సునామీ ముంచెత్తినప్పుడు, అక్కడి 9 కాస్క్‌లలో 408 ఇంధన కట్టలున్నాయి. నీరూ శిథిలాలూ చుట్టుముట్టినా కాస్క్‌లు చెక్కుచెదరలేదు. ఆగస్టు 23న వర్జీనియాలో 5.8 తీవ్రతతో వచ్చిన భూకంపానికి, నార్త్ అన్నా కేంద్రంలోని వంద టన్నులకు మించిన కాస్క్‌లు కొన్ని 11 సెంటీమీటర్ల దాకా జరిగాయి. వాటి నుంచి లీకేమీ రాలేదు.

పాత్ర గట్టిదైనంత మాత్రాన పని ప్రమాదరహితం కాదని 2018 ఆగస్టులో కాలిఫోర్నియాలోని సాన్ ఒనోఫ్రే అణు కేంద్రం చాటింది. భూమిలోని గదిలోకి దించుతున్న కానిస్టర్ లోపలి అంచు మీద చిక్కుకుని, దాదాపు 5.5 మీటర్ల ఎత్తున నిలిచిపోయింది. మోయాల్సిన పట్టీలు వదులైన సంగతి సిబ్బంది వెంటనే గుర్తించలేదు. కానిస్టర్ కింద పడలేదు, కానీ నియంత్రణ సంస్థ నిర్వాహకులకు 1,16,000 డాలర్ల జరిమానా వేసింది.

దీర్ఘకాలంలో అసలు శత్రువు ఉప్పు గాలి. సముద్ర తీరాల్లో క్లోరైడ్లు వెల్డింగుల దగ్గర చేరి, ఒత్తిడిలో ఉన్న స్టీలులో పగుళ్లు తెప్పించగలవు.

నియంత్రణ

అమెరికాలో అణు నియంత్రణ కమిషన్ నిబంధనావళిలోని 72వ భాగం పొడి నిల్వకు వర్తిస్తుంది. సాధారణ పరిస్థితుల్లో నియంత్రిత ప్రాంతం వెలుపల ఉన్న వ్యక్తి శరీరానికి ఏడాదికి 0.25 మిల్లీసీవర్ట్‌ను మించి రేడియేషన్ మోతాదు అందకూడదు. నిల్వ చోటు నుంచి ఆ ప్రాంతపు సరిహద్దుకు కనీసం 100 మీటర్ల దూరం ఉండాలి. ఇంధన తొడుగు ఉష్ణోగ్రతకు సాధారణ నిల్వలో 400 డిగ్రీల సెల్సియస్‌ను మార్గదర్శక పరిమితిగా పాటిస్తారు. ఒకప్పుడు 20 ఏళ్లకే ఇచ్చిన లైసెన్సును 2011 నుంచి 40 ఏళ్ల దాకా ఇస్తున్నారు. పొడిగింపు కోరేవారు పాత్రల వృద్ధాప్యాన్ని ఎలా కనిపెడతారో, ఎలా సరిదిద్దుతారో చూపించాలి.

పరిశోధన, కొత్త పద్ధతులు

టన్నుకు 45 గిగావాట్-రోజులకు మించి మండిన ఇంధనం మీద ఇప్పుడు దృష్టి ఎక్కువ. అలాంటి ఇంధనపు జిర్కోనియం తొడుగు ఎక్కువ హైడ్రోజన్‌ను పీల్చుకుంటుంది. వేడెక్కి చల్లారే క్రమంలో ఆ హైడ్రోజన్ వల్ల ఏర్పడ్డ హైడ్రైడ్లు దిశ మార్చుకుంటే తొడుగు పెళుసు కావచ్చు. దీన్ని తేల్చడానికి 2017 నవంబరులో నార్త్ అన్నాలో ఒక కాస్క్‌ను అలాంటి ఇంధనంతో నింపి, 63 ఉష్ణ సెన్సర్లు అమర్చారు. ముందస్తు లెక్కల కన్నా తక్కువ ఉష్ణోగ్రతలే నమోదయ్యాయి. కవచానికీ కానిస్టర్‌కూ మధ్య ఇరుకు సందుల్లో పాకే రోబోలు, పగుళ్లను పూడ్చే చల్లని లోహ పిచికారీ, మూత తెరవకుండానే లోపలి కట్టలను చూపించే మ్యువాన్ కణాల చిత్రణ మిగతా ప్రయోగాల్లో ముఖ్యమైనవి.

భారతదేశంలో

భారత్ వాడేసిన ఇంధనాన్ని వ్యర్థంగా కాక వనరుగా చూస్తుంది. దానిలోని ప్లుటోనియాన్ని తీయడానికి ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో రీప్రాసెసింగ్ కేంద్రాలు నెలకొల్పింది. అందువల్ల ఇక్కడ నిల్వ రీప్రాసెసింగ్‌కు ముందు దశ మాత్రమే.

ప్రస్తుత స్థితి

అమెరికాలో సుమారు 90,000 టన్నుల వాడేసిన ఇంధనం పోగై ఉంది. మెయిన్ రాష్ట్రంలోని మెయిన్ యాంకీ రియాక్టర్‌ను 2005 నాటికి పూర్తిగా కూల్చి తొలగించారు. అక్కడి ఇంధనం నిండిన 60 కాస్క్‌లకు మాత్రం నేటికీ కాపలా కొనసాగుతోంది.