అజీర్తి ఎవరి నేరము?

భోజనము చేసిన జాము రెండు జాములకు, తిన్న పదార్థపు వాసనయో, పొగచూరిన పులుపో, క్రుళ్ళిన కోడిగ్రుడ్డు కంపో గొంతులోనికి ఎగదన్నుచు త్రేన్పు వచ్చినప్పుడు, మన యిండ్లలోని పెద్దలు మొట్టమొదట అడుగు ప్రశ్న “నిన్న ఏమి తింటివి?” అనునదే. ఆ ప్రశ్నలో వాత్సల్య మెంత గలదో అభియోగమును అంతే గలదు. తిన్నవాడే దోషి యనియు, వాని జిహ్వాచాపల్యమే రోగమూల మనియు విచారణకు పూర్వమే తీర్పు వెలువడుచున్నది. ఈ తీర్పు నిన్న మొన్న పుట్టినది కాదు, మన దేశమునకు మాత్రమే చెందినదియు కాదు. వేల యేండ్లుగా నిలిచిన ఆ తీర్పు గత మూడు నాలుగు శతాబ్దులలో ఏయే సాక్ష్యముల వలన సడలినదో తెలిసికొనుట, మాటిమాటికి కడుపు చెడి తమ్ము తామే నిందించుకొను వారి కొరకైనను అవసరమని నా నమ్మకము.

మన ప్రాచీన వైద్యులు త్రేన్పును అసభ్యమని త్రోసిపుచ్చక, దానిని దేహము చెప్పు సాక్ష్యముగా స్వీకరించిరి. ఆహారము చక్కగా జీర్ణమైన దనుటకు వారు చెప్పిన గుర్తులలో ఉత్సాహము, దేహలాఘవము, ఆకలి దప్పుల మేల్కొనుట మొదలగు వానితోపాటు ఉద్గారశుద్ధి, అనగా ఏ వాసనయు ఏ రుచియు లేని త్రేన్పు, ఒకటి. బలవంతముగా ఆపరాని పదమూడు వేగములను లెక్కించిన చరకసంహిత అందులో ఉద్గారమును గూడ చేర్చినది. మాధవకరుడు తన నిదానగ్రంథమున అజీర్ణమును విభజించినప్పుడు, తిన్న దాని వాసనతోనే త్రేన్పు వచ్చినచో ఆమాజీర్ణ మనియు, పొగతోను పులుపుతోను కూడి దాహమును తల తిరుగుటయు కలిగినచో విదగ్ధాజీర్ణ మనియు, కడుపుబ్బరమును నొప్పియు ముఖ్యమైనచో విష్టబ్ధ మనియు గుర్తులు వ్రాసెను. చికిత్సయు ఆ భేదము ననుసరించియే నడచెను: ఆమమునకు లంఖణము, విదగ్ధమునకు వమనము, విష్టబ్ధమునకు కాపడము, అన్నరసము మిగిలిపోయిన రసశేషమునకు భోజనమునకు ముందు నిద్ర. ఏ పరికరములును లేని కాలమున, కేవలము రోగి నోటి వాసనను, వాడు చెప్పు మాటను ఆధారముగా గొని ఇంత సూక్ష్మముగా విభాగము చేయుట సామాన్య విషయము కాదు.

అయినను కారణముల యొద్దకు వచ్చునప్పటికి, ఆ గ్రంథములు ప్రధానముగా తినువాని ప్రవర్తననే పట్టుకొనినవి. అతిగా నీరు త్రాగుట, వేళకాని వేళ భుజించుట, మలమూత్రవేగముల నాపుట, పగలు నిద్రించి రాత్రి మేల్కొనుట, వీనితోపాటు ఈర్ష్య, భయము, క్రోధము, లోభము, దుఃఖము జఠరాగ్నిని చెరచునని చెప్పిరి. ఇందులో సత్యాంశము లేకపోలేదు. కోపతాపములు జీర్ణక్రియను కలతపెట్టుట తరువాతి శతాబ్దులలో కంటితో చూడబడినది. కాని ఈ జాబితా లోకవ్యవహారమున పడినప్పుడు శాస్త్రము నీతిశాస్త్రముగా మారి, అజీర్తి యనగా నిగ్రహము లేనివాని జబ్బు అను అర్థము స్థిరపడినది.

తెలుగువారి వంటిల్లు ఈ వైద్యమును ఎంతగా తనలో నింపుకొనినదో గమనించుడు. ఇంగువ, శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము, జీలకర్ర, నల్లజీలకర్ర, సైంధవలవణము కలిపిన హింగ్వష్టక చూర్ణమును నేతితో తొలిముద్దలో తినవలెనని శాస్త్రము చెప్పగా, మన యిండ్లలో అది శొంఠిపొడి ముద్దగానో, కరివేపాకు పొడి ముద్దగానో, ఇంగువ పోపుగానో నిత్యాచారమై కూర్చున్నది. పాలు త్రాగిన పసిబిడ్డ పొట్ట నిమురుచు తల్లి “జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం” అనునప్పుడు, మేకరూపమున కడుపులో దూరిన రాక్షసుని అరిగించుకొనిన అగస్త్యుని కథ ఆ బిడ్డకు రక్షగా నిలుచుచున్నది. ఆ కథలో మాత్రము దోషము తిన్నవానిది కాదు. సోదరుని వండి వడ్డించిన యిల్వలునిది, వడ్డన రూపమున లోపల ప్రవేశించిన వానిది. మన పురాణకర్త ఆ సంగతిని స్పష్టముగా చెప్పినను మన లోకరీతి దానిని గ్రహింప లేదు.

పెద్దలలో కొందరు తినువానిని దాటి చూడకపోలేదు. అమ్లపిత్తమును ప్రత్యేక వ్యాధిగా వర్ణించిన కాశ్యపసంహిత, నీరు విస్తారముగా నుండు ఆనూపదేశములలో ఆ వ్యాధి మెండనియు, మందులకు లొంగనిచో రోగి దేశాంతరము పోవలయు ననియు చెప్పినది. చరకసంహితలోని జనపదోద్ధ్వంసాధ్యాయము, వేర్వేరు ఆహారములు తిను వేర్వేరు ప్రకృతుల వారు ఒకేసారి వ్యాధిపాలగుటకు గాలి, నీరు, భూమి, కాలము చెడుటయే హేతువని నిర్ణయించినది. ఈ రెండు వాక్యములును కలిపి చదివినవారికి, నిందను నోటి నుండి నీటి మీదికి మరల్చు మార్గము అప్పుడే తెరచియున్నట్లు తోచును. కాని నీటిలో ఏమి యున్నదో చూచు కన్ను అప్పటికి లేదు. బురదనీటి కడవలో ఇండుపగింజను అరగదీసి నీరు తేర్చుట మనవారికి తెలియును. తేరిన నీరు శుద్ధమైన నీరని వారు నమ్మిరి. మట్టి అడుగంటినంత మాత్రమున కంటికి కనరానివి కూడ అడుగంట వను సంగతి తెలియుటకు ఇంకను చాలకాలము పట్టినది.

పాశ్చాత్యదేశములలో తగవు మరియొక తీరున నడచినది. అన్నము కడుపులో ఉడుకునా, నలుగునా, క్రుళ్ళునా అని వైద్యులు తరతరములు వాదించుకొనిరి. దుర్గంధమైన త్రేన్పు మూడవ పక్షమునకు బలమైన సాక్ష్యముగా కనబడెను. ఇటలీ దేశస్థుడగు స్పలాంజానీ 18వ శతాబ్దమున, చిన్న గుడ్డసంచులలో ఆహారము నుంచి తానే మ్రింగి పరీక్షించి, జఠరరసము మాంసమును క్రుళ్ళనీయకపోవుటే గాక కరగించివేయునని నిరూపించెను. 1824లో విలియం ప్రౌట్ ఆ రసములో హైడ్రోక్లోరిక్ ఆమ్ల మున్నదని ప్రకటించెను. 1822 జూన్ 6వ తేదీన అమెరికాలోని మాకినా ద్వీపమున తుపాకిగుండు తగిలి కడుపులో రంధ్రము పడిన అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకుని పొట్టలోనికి, పట్టుదారమునకు కట్టిన ఆహారపు ముక్కలను దింపి తీసి పరీక్షించిన సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్, 1833లో తన గ్రంథమును ప్రచురించెను. కోపము వచ్చినప్పుడు ఆ కడుపు తన పని సరిగా చేయకపోవుట ఆయన కన్నులారా చూచెను. ఆరోగ్యవంతమైన కడుపులో కుళ్ళు లేదని దీనితో తేలినది. అట్లయిన కుళ్ళువాసన ఎక్కడిది? ప్రేగులలో పేరుకొనిన మలమే దేహమునంతయు విషపూరితము చేయుచున్న దని ఒక భ్రాంతి 19వ శతాబ్దాంతమున బయలుదేరి, లండనులో ఆర్బత్‌నాట్ లేన్ వంటి ప్రసిద్ధ శస్త్రవైద్యుడు మలబద్ధకమునకై పెద్దప్రేగునే కోసివేయునంత దూరము పోయెను. రోగిని నిందించుట చాలక, రోగి అవయవమును గూడ శిక్షించిన కాలమది.

అసలు సాక్షి మాత్రము అప్పటికి రెండువందల యేండ్లకు పూర్వమే కంటబడి యుండెను. హాలండు దేశమున డెల్ఫ్టు పట్టణమందు బట్టలవర్తకుడైన ఆంటనీ వాన్ లీవెన్‌హుక్, తన చేతితో నూరిన కటకములతో లోకములోని సమస్తమును చూడగోరినవాడు, 1681లో తనకు విరేచనములైనప్పుడు తన మలమునే పరీక్షించి, అందులో బల్లపరుపు పొట్టతో, కాళ్ళవంటి సన్నని పోగులను వేగముగా ఆడించుచు, మెల్లగా కదలు సూక్ష్మజంతువులను చూచితినని లండనులోని రాబర్ట్ హుక్‌నకు జాబు వ్రాసెను. ఆ జంతువులకును తన కడుపునొప్పికిని సంబంధమున్నదని ఆయన చెప్ప లేదు. 1859లో ప్రాగ్ నగరమున లాంబ్ల్ అను వైద్యుడు పిల్లల మలములో వానిని మరల కని చక్కగా చిత్రించెను. నేడు జియార్డియా యని మనము పిలుచునది అదియే. సగము కోసిన బేరిపండు ఆకారము, రెండు కన్నులవలె రెండు కేంద్రకములు, ప్రేగుగోడకు అంటుకొను బిళ్ళ, ఎనిమిది కశాభములు గల ఆ ప్రాణి చిన్నప్రేగు మొదటి భాగమున పరచుకొని క్రొవ్వును, పాలలోని చక్కెరను ఒంటబట్టనీయదు. అట్లు మిగిలిపోయిన అన్నము సూక్ష్మజీవుల పాలై పొంగి, గంధకము కలిసిన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుట్టినప్పుడు కోడిగ్రుడ్డు కంపు గొంతువరకు వచ్చును.

ఇంత తెలిసియు లోకము దానిని నిరపరాధిగానే చూచినది. ప్రేగులలో ఊరక కాపురముండు అతిథి యని పాఠ్యగ్రంథములు వ్రాసినవి. 1954లో రెండ్‌టార్ఫ్ అను శాస్త్రజ్ఞుడు చెరసాలలో స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన ఖైదీలచే ఆ జీవి కోశములను మ్రింగించి, పది కోశములైనను సంక్రమణకు చాలునని కనుగొనినను, వారెవరును గట్టిగా జబ్బుపడక పోవుటచే సందేహము నిలిచియే యుండెను. దానిని తీర్చినది 1965-66 శీతకాలమున అమెరికాలోని ఆస్పెన్ పట్టణము. మంచుమీద జారు క్రీడకై అక్కడికి వచ్చిన వేయిమందికి పైగా యాత్రికులను విచారింపగా, నూటికి పదకొండుమంది ఇండ్లు చేరిన పిమ్మట వారములకొలది విరేచనములతోను ఉబ్బరముతోను బాధపడినట్లు తేలెను. ఆ ఊరి బావులలోనికి మురుగుగొట్టములు కారుచుండెను. వారందరు తిన్నది వేర్వేరు, త్రాగిన నీరు ఒక్కటే. చరకుడు చెప్పిన తర్కమే మంచుకొండల నడుమ మరల ఋజువైనది. 2004లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ వ్యాధిని నిర్లక్ష్యమునకు గురియైన వ్యాధుల కార్యక్రమమున చేర్చినది. ఆ నిర్లక్ష్యము వయస్సు, లీవెన్‌హుక్ జాబు నుండి లెక్కించినచో, 323 సంవత్సరములు.

ఈ చరిత్రలో తెలుగువారి భాగమొకటి కలదు. అది కన్నీటితో వ్రాయబడినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు కొద్దిదినముల వ్యవధిలో, ఎంత తిన్నను ఒంటబట్టక, కడుపుబ్బి, నోరు పూసి, జిగట విరేచనములతో మనుష్యుని శుష్కింపజేయు సంగ్రహణి వ్యాధికి బలియైరి. ఆయనకును అదియే వ్యాధి సోకగా, మదరాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్స ఆయనను బ్రతికించినది. పిమ్మట ఆయన ఆ నగరమునందలి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణశాస్త్రము బోధించి, అటుపై ఉష్ణదేశవ్యాధుల నభ్యసించుటకు బోస్టను నగరమునకు తరలిపోయెను. చనిపోయిన తోబుట్టువులు మితము తప్పి తిన్నవారా? నిగ్రహము లేనివారా? ఆ ప్రశ్న నడిగినవారికి ఆయన జీవితమే సమాధానము. బొంబాయిలో మిల్లులలో పనిచేయు పేద గర్భిణుల పాండురోగమును ఈస్టుసారముతో కుదిర్చి లూసీ విల్స్ 1931లో చూపిన అజ్ఞాత పోషకద్రవ్యమును, సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లీడర్లే ప్రయోగశాల 1945లో ఫోలిక్ ఆమ్లముగా కృత్రిమముగా తయారుచేసెను. టామ్ స్పైస్ అను వైద్యుడు దానిని క్యూబాలోని సంగ్రహణి రోగులకు ఇచ్చి చూడగా, మంచము పట్టినవారు లేచి భోజనమునకు కూర్చుండిరి. 1948లో లోకమునకు వెల్లడియైన ఆరియోమైసిన్ అను మందు కూడ ఆ ప్రయోగశాలలోనే డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనినది. ఆ టెట్రాసైక్లిన్ కుటుంబపు మందును ఫోలిక్ ఆమ్లమును కలిపియే నేటికిని వైద్యులు ఈ వ్యాధికి వాడుదురు. తన అన్నదమ్ములను మ్రింగిన రోగమునకు రెండు మందులును తన కొలువునుండియే వెలువడుట చూచి ఆయన 1948 ఆగస్టులో కన్నుమూసెను. ఈ సంగతి ప్రతి తెలుగు బడిలోను చెప్పదగినది.

కడుపుపూత కథయు ఇట్టిదే. కారము, కలత, కాఫీ యని రోగిని దూషించుచు వైద్యలోకము చాలకాలము గడిపిన పిదప, ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున వారెన్, మార్షల్ అను ఇద్దరు 1982లో హెలికోబాక్టర్ అను సూక్ష్మజీవిని పెంచి చూపిరి. అదియే కడుపుపూతకు మూలమని ఎవరును నమ్మకపోగా మార్షల్ 1984లో దానిని తానే త్రాగి, వాంతులతోను నోటి దుర్వాసనతోను జబ్బుపడి, తన కడుపు వాచినదని పరీక్షచే ఋజువుపరచెను. 2005లో వారికి నోబెల్ బహుమానము లభించినది.

తిండి వలన త్రేన్పు చెడదని నేను చెప్పుట లేదు. ముల్లంగి, వెల్లుల్లి, గ్రుడ్లు, పులిసిన పిండివంటలు ఒక పూట కంపు పుట్టించుట సహజము. వాము నమిలి ఒకపూట లంఖణము చేసిన అది పోవును. కాని వారములకొలది మరలమరల వచ్చు దుర్గంధమునకు వెనుక జియార్డియా యుండవచ్చును, హెలికోబాక్టర్ యుండవచ్చును, పాలు పడకపోవుట యుండవచ్చును, చిన్నప్రేగులో సూక్ష్మజీవులు మితిమీరుట యుండవచ్చును, దీర్ఘకాల మధుమేహము వలన కడుపు మెల్లగా ఖాళీయగుట యుండవచ్చును. మధుమేహమునకును స్థూలకాయమునకును ఇప్పుడు వాడు కొన్ని సూదిమందులును ఆ మాంద్యమునే కలిగించును. పరీక్ష లేకుండ వీనిలో ఏదియు తేలదు. కావున అట్టివారు చూర్ణములతోను సోడాలతోను నెలలు గడపక వైద్యుని యొద్దకు పోయి మలపరీక్ష చేయించుకొనవలెను. బరువు తగ్గుట, మలము నల్లబడుట, నెత్తురు పడుట, మ్రింగుడు కష్టమగుట కనబడినచో ఒక్కదినమైనను ఆలసింపరాదు. ఇంటిలోనివారు రోగిని “ఏమి తింటివి?” అని అడుగుటకు ముందు “ఏ నీరు త్రాగితివి?” అని అడుగుదురుగాక, ఆ నీటిని తెర్లునట్లు కాచి త్రాగుదురుగాక.