నానమ్మ అడిగిన గాలిమోటరు లెక్క

మొన్న దసరాకి గార్ల వెళ్తూ బ్యాగులో లాప్‌టాప్ పక్కన ఒక అట్టపెట్టె కూడా సర్దుకున్నాను. అందులో ఉన్నది స్పిట్‌ఫైర్ మార్క్ 1 ప్లాస్టిక్ కిట్, 1:72 స్కేలు. అంటే ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం అవుతాడు. 11 మీటర్ల పైచిలుకు రెక్కల వెడల్పు పదిహేనున్నర సెంటీమీటర్లకి వస్తుంది. మన ఫీల్డులో వాళ్ళకి ఈ పిచ్చి ఎందుకు పడుతుందో నాకు తెలుసు. రోజంతా రాసే కోడ్‌ని చేత్తో ముట్టుకోలేం కదా! పైగా ఇక్కడ అన్‌డూ లేదు. కాక్‌పిట్‌కి రంగు వెయ్యకుండా రెండు సగాలూ అతికించేస్తే ఇక అంతే సంగతులు.

అరుగు మీద పాత పేపర్లు పరుచుకుని ముక్కలు కోస్తుంటే నానమ్మ వచ్చి కూర్చుంది.

"ఏందిరా బిడ్డా అది, గాలిమోటరా?"

"అవునే నానమ్మా. నైజాం కాలం నాటిది. దీని మీద హైదరాబాదు పేరుంటది."

"నైజామోనికి గాలిమోటరెందుకురా?" అంది. నిజానికి ఈ గోలంతా ఆ ప్రశ్నకి జవాబు వెతకడమే.

మీలో ఎంతమందికి తెలుసో గానీ, బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో మూడు స్క్వాడ్రన్ల పేర్లలో హైదరాబాద్ ఉండేది. మొదటిది 110వ స్క్వాడ్రన్. మొదటి ప్రపంచ యుద్ధంలో దాని డీహెచ్-9ఏ బాంబర్లకి డబ్బు ఇచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. 1918 సెప్టెంబర్‌లో అవి ఫ్రాన్స్ నుంచి జర్మనీ మీదికి దాడులు మొదలుపెట్టాయి. ఒక్కో విమానం మీదా ఇది నిజాం కానుక అని రాసి, హైదరాబాద్ నంబరు ఫలానా అని వేశారు. వాటిలో 'హైదరాబాద్ నంబర్ 12ఏ' కథ సినిమా కథే. 1918 అక్టోబర్ 5న జర్మన్లకి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో ప్రదర్శనకి పెట్టారు. రెండో యుద్ధంలో పోలండ్ చేరింది. చివరికి 1977లో బ్రిటన్ వాళ్ళు పోలండ్‌కి ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. ఇప్పుడది రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. మన ఊళ్ళ పేరు మోసిన విమానం మన ఊళ్ళు ఒక్కసారి కూడా చూడకుండానే యూరప్ అంతా తిరిగిందన్నమాట!

మిగతా రెండూ రెండో యుద్ధం నాటివి: స్పిట్‌ఫైర్లు నడిపిన 152 (హైదరాబాద్), హరికేన్లు నడిపిన 253 (హైదరాబాద్ స్టేట్). 1940లో బ్రిటన్ ఆకాశంలో జర్మన్లతో జరిగిన పోరులో రెండూ ఉన్నాయి. నేను కట్టేది 152 వాళ్ళది. దాని చిహ్నం ఏంటో తెలుసా? నిజాం తలపాగా! నినాదం 'నమ్మకమైన మిత్రుడు'. ఇంగ్లీషు వాళ్ళు 1918లో నిజాంకి ఇచ్చిన బిరుదే అది. ఆ స్క్వాడ్రనే తర్వాత బర్మా వెళ్ళి, విమానాల పక్కన దూకుతున్న నల్ల చిరుత బొమ్మ వేసుకుంది.

సరే, రంగుల దగ్గరికొద్దాం. పైభాగానికి మట్టి రంగు, ముదురాకుపచ్చ. ముందు మట్టి రంగు పూర్తిగా ఆరనిచ్చి, ఆకుపచ్చ అక్కర్లేని చోట టేపు అంటించి రెండోది వెయ్యాలి. పల్చగా రెండు మూడు పూతలు వెయ్యాలి, ఒకేసారి మందంగా పూస్తే రేకుల గీతలన్నీ పూడిపోతాయి. మా అరుగు మీద ఎండకి అక్రిలిక్ రంగు కుంచె మీదే ఎండిపోతుంటే రెండు చుక్కలు నీళ్ళు కలుపుకుంటూ వేశాను. ఆ పైన మెరుపు వార్నిష్. అది నున్నగా ఉంటేనే నీళ్ళలో నానబెట్టిన డెకాల్స్ గాలి బుడగలు లేకుండా కూర్చుంటాయి. ఆఖర్న మెరుపు పోయే వార్నిష్ ఇంకో పూత.

అసలు తంటా అడుగుభాగంతో వచ్చింది. దానికి 'స్కై' అనే లేతాకుపచ్చ రంగు వెయ్యాలని 1940 జూన్‌లో ఆర్డర్ వచ్చింది. కానీ డబ్బాలు సరిపడా లేక, ఎక్కడికక్కడ దగ్గరి రంగేదో కలిపి పూసేశారు. స్పెసిఫికేషన్ ఒకటి, ప్రొడక్షన్‌లో నడిచింది ఇంకొకటి. మనకి కొత్తేం కాదు కదా :-)

ఈ రంగు పుట్టుక వెతుకుతుంటే నాకు మతిపోయింది. సిడ్నీ కాటన్ అని ఒక ఆస్ట్రేలియా పైలట్. యుద్ధం మొదట్లో స్పిట్‌ఫైర్ల నుంచి తుపాకులు పీకేసి, కెమెరాలు పెట్టి, శత్రువుల ఫోటోలు తీయించినవాడు. తన విమానాలు ఆకాశంలో కలిసిపోవాలని ఒక లేతాకుపచ్చ పూయించాడు. స్కై రంగుకి మూలం అదే. ఈ కాటనే 1948లో లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి నిజాంకి దొంగచాటుగా ఆయుధాలు మోశాడు. బీదర్, మా వరంగల్ లాంటి చోట్ల దింపాడు. ఎక్కడి రంగు, ఎక్కడి వరంగల్! ఆ సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది, 17కి అంతా అయిపోయింది. పైన భారత వైమానిక దళం టెంపెస్ట్ విమానాలు తిరిగాయి. పరాయివాళ్ళకి స్క్వాడ్రన్లకి స్క్వాడ్రన్లు కానుక ఇచ్చిన రాజుకి, తన ఆకాశంలోకి పంపడానికి అలాంటిది ఒక్కటీ లేకపోయింది. 'నమ్మకమైన మిత్రుడి' కోసం అవతలివాళ్ళూ ఎవరూ రాలేదు.

ఇదంతా ఉత్సాహంగా చెప్తుంటే నానమ్మ చివరిదాకా విని ఒకటే అడిగింది. "గన్ని పైసలు యాడివిరా?"

లెక్క వేశాను. 1940లో ఒక స్పిట్‌ఫైర్‌కి విరాళం ధర 5,000 పౌండ్లు అని పెట్టారు (అసలు ఖర్చు ఇంకా ఎక్కువే). రూపాయికి ఒకటిన్నర షిల్లింగ్ చొప్పున సుమారు 66,600 కల్దార్ రూపాయలు. నిజాం హాలీ సిక్కాల్లో ఇంకా ఎక్కువ. నిజాం ప్రపంచంలోకెల్లా ధనవంతుడని గొప్పగా చెప్పుకుంటాం. కానీ సర్కారు ఖజానా అయినా, ఆయన సొంత సర్ఫెఖాస్ భూముల రాబడి అయినా, పెద్ద భాగం వచ్చింది మట్టిలోంచే. మట్టి దానంతట అది డబ్బు ఇవ్వదు, దాని వెనక ఒక మనిషి వంగి ఉంటాడు.

నానమ్మకి అప్పుడు ఏడెనిమిదేళ్ళు. వడ్లు కళ్ళంలో ఉండగానే లెవీ అని వచ్చేవాళ్ళట. వాళ్ళ నాయన రెండు బస్తాలు గడ్డివాములో దాచి, దొరికిపోయి, గడీ ముందు పొద్దుగూకేదాకా ఎండలో నిలబడ్డాడట. ఈ మాట నేను ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినలేదు. ఎప్పుడూ అడగలేదు కూడా. ఆ లెవీ, ఆ వెట్టి, ఆ శిస్తులే 1946 కల్లా జనగామ వైపు కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం దాకా వెళ్ళాయి.

హిట్లర్‌ని ఆపడం తప్పని నేను అనను. ఆ విమానాల్లో కూర్చున్న ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళ ధైర్యాన్నీ తక్కువ చెయ్యను. ఇబ్బంది ఒక్కటే. అడుగుభాగం రంగు సరిగ్గా ఏ ఛాయో తేల్చుకోవడానికి నేను మూడు రాత్రులు కూర్చున్నాను. దాన్ని కొన్న డబ్బు ఎక్కడిదని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. చదువుకోని నానమ్మకి మొదట తట్టింది మాత్రం అదే.

బొమ్మ పూర్తయ్యాక చెక్క స్టాండు మీద '152 హైదరాబాద్ స్క్వాడ్రన్, 1940' అని రాశాను. కింద కొంచెం చోటు మిగిలింది. ఏం రాయమంటావని అడిగా.

"మా నాయిన పేరు రాయి. ఆయన వడ్లు గూడ ఉన్నయి గదా అండ్ల" అని నవ్వింది.

ఆ బస్తాల పైసలు ఈ విమానానికే వెళ్ళాయని ఏ కాగితమూ చెప్పదు, నాకు తెలుసు. అయినా రాశాను. సన్న కుంచెతో, స్కై రంగులోనే.