వంశపత్రములు – పౌరసత్వము

శ్రాద్ధకాలమున మనము పితృ పితామహ ప్రపితామహులను పేరు పేరున స్మరింతుము. వారివెంట మాతృ పితామహీ ప్రపితామహీలను గూడ స్మరింతుము. అంతకు పైతరములవారు పేరులేని పితృగణములో గలసిపోవుదురు. మన పౌరసత్వ శాసనమును ఇంచుమించు ఈ కొలతనే గైకొన్నది. 1955వ సంవత్సరపు చట్టమునకు జరిగిన సవరణలనుబట్టి, అన్యదేశ పౌరుడైనను, భారత పౌరునకు మునిమనుమడగువాడు సామాన్యముగా ‘ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా’ యను కార్డును గోరవచ్చును. ఈ యేర్పాటు 2006 జనవరిలో హైదరాబాదున జరిగిన ప్రవాస భారతీయుల మహాసభలో ప్రారంభింపబడెను. ఇది సంపూర్ణ పౌరసత్వము గాదు. దీనివలన ఓటు రాదు. సాగుభూమి కొనుటకు హక్కు రాదు. అయినను వీసా యక్కరలేక జీవితాంతము తాతల దేశమునకు రాకపోకలు సలుపవచ్చును.

మూడు తరములతో సరిపుచ్చుకొనలేనివారి గతి యేమి? 1834 మొదలు 1920 వరకు మన దేశమునుండి ఇంచుమించు ఐదు లక్షలమంది ఒడంబడిక కూలీలుగా మారిషసు ద్వీపమున దిగిరి. వారిలో తెలుగువారును గలరు. కాకినాడ చేరువనున్న కోరంగి రేవు పేరనే వారిని అచట ‘కొరంగీ’లని పిలిచిరి. నేటికిని ఉగాది ఆ దేశమున సర్కారు సెలవుదినము. ఆ కూలీల సంతతి నేడు ఐదవ తరమో, ఆరవ తరమో యైనది. వారి శ్రమను గుర్తించి మన ప్రభుత్వము 2017లో మారిషసువారికి నియమమును సడలించినది. 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ముగారు అచటికేగినపుడు ఏడవ తరమువారికిని ఈ యర్హత గల్గునని ప్రకటించిరి.

అర్హత గలదన్నంత మాత్రమున చాలదు, రుజువు గావలెను. ఇచటనే చరిత్రలోని యొక వింత గానవచ్చుచున్నది. కూలీ యోడ దిగగానే దొరలు వానికొక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, యెత్తు, స్వస్థలము, వచ్చిన యోడ, కుదిరిన తోట మున్నగునవి పుస్తకమున నెక్కించిరి. 1860 దశకమునుండి ఛాయాపటములును దీసిరి. ఇదంతయు వానిపై ప్రేమచేత జేసినది గాదు. తోట విడిచి పారిపోయినచో పట్టుకొనుటకు జేసినది. ఆ పుస్తకములు నేడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థయందు భద్రముగ నున్నవి. మునిమనుమల మనుమలు ఆ సంఖ్యను వెదకి, దానికి ప్రతి తరమువారి జనన వివాహ పత్రములను గొలుసువలె జోడించి అర్జీ పెట్టుకొనుచున్నారు. నడుమ నొక్క లంకె తెగినచో అర్జీ నిలిచిపోవును. తాతను కట్టివేయుటకు వ్రాసిన వ్రాతయే మనుమనికి ద్వారము దెరచుచున్నది!

ఇక ఊరి పేరు దొరకినను చిక్కు తీరదు. మా రాయదుర్గమునే చూడుడు. పాత కాగితమున ‘బళ్లారి జిల్లా, రాయదుర్గము తాలూకా’ యని యున్నదనుకొందము. వెదకువాడు నేటి కర్ణాటకములోని బళ్లారికి బోయి వట్టిచేతులతో మరలును. 1882లో అనంతపురము జిల్లా వేరుపడినపుడును ఈ తాలూకా బళ్లారిలోనే నిలిచినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున జేరెను; రాయదుర్గము అనంతపురము జిల్లా యందు గలిసెను. ఊరు కదలలేదు; జిల్లా కదలినది, రాష్ట్రమును మారినది. ఈ సంగతి నెరుగక ఊరిని గుర్తింపజాలము. దీనికి తోడు, తెలుగు పేళ్లను చెవికి దోచినట్లు వ్రాసిన దొరల గుమాస్తాల వర్ణక్రమ మొకటి.

ద్వీపాంతరములకు బోయినవారి కింత వెదకులాట యుండగా, ఊరనే యుండిన మనకేమి తెలియును? ధాతు సంవత్సరపు కరవు, అనగా 1876–78 నాటి మహాక్షామము, ఈ మెట్టభూములలో నెన్ని కుటుంబములను చెదరగొట్టెనో పెద్దలు చెప్పగా వింటిమి. మొన్న మా తరగతిలో బాలురను, బాలికలను తమ ముత్తవ్వల పేళ్లు వ్రాయుడంటిమి. ముత్తాతల పేళ్లు కొందరు వ్రాసిరి. ముత్తవ్వల పేళ్లు వ్రాసినవారు ఇద్దరే. ఒక బాలిక లేచి, “అయ్యా, మీ ముత్తవ్వగారి పేరేమి?” యని యడిగినది. తండ్రి వైపు ముత్తవ్వ పేరు తద్దినమున జెప్పుకొనునది గాన తోచినది. తల్లి తల్లిని గన్న యామె పేరు మాకు దోపలేదు. సంస్కృతమును ఇంగ్లీషును జదివితిమి గాని మా యింటి పుట నింకను జదువలేదు.

దోషము మా యొక్కరిది గాదు. మన వంశవృక్షములలో కొడుకులకే కొమ్మలు. కూతుండ్రు పెండ్లితో రాలిపోవుదురు, కోడండ్రు ‘ఫలానివాని భార్య’లై నిలుతురు. శాసనమో, తల్లివైపు సంతతిని దండ్రివైపు సంతతితో సమముగ నెంచుచున్నది. చట్ట మిచ్చిన సమత్వమును మన యింటి వ్రాత యింకను నీయకుండుట సిగ్గుచేటు గాదా? పరదేశపు తోటదొర యైనను కూలిస్త్రీకి పేరొకటి వ్రాసెను!

కావున చదువరులారా, ఇంటికొక పుస్తకము నుంచుడు. ఆడుబిడ్డల పేళ్లు, కోడండ్ర పుట్టినిండ్లు, ఊరు, ఆనాటి తాలూకా, జిల్లా, సంవత్సరము వ్రాయుడు. ఇంట ముసలి యవ్వ యున్నచో ముందామె చెంత గూర్చుండుడు. ఆమె నోట నున్నది మరియే కచేరిలోను దొరకదు. మేమును ఈ సెలవులలో మా మేనత్తల యిండ్లకు, మేనమామల యిండ్లకు ఆ పేరు నడుగబోవుచున్నాము.